నాకన్నా ముందు బయలుదేరిన సంచి

పోయిన నెలలో సరళ మా ఇంటికి వచ్చింది. సరళ మా కమలమ్మత్త కూతురు, నాకు మరదలి వరస. ఇద్దరం తిరుపతిలోనే ఉంటున్నా, చెప్పుకోదగ్గ శుభం ఏదైనా జరిగితే తప్ప ఆమె మా గడప తొక్కదు. ఈసారి కూతురిని వెంటబెట్టుకుని మైసూరుపాకు డబ్బాతో వచ్చింది. ఆ పిల్లకు ఇంగ్లండులో ఒక బడిలో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చిందట. ఇంటర్వ్యూ అంతా తన గదిలో మంచం మీద కూర్చుని లాప్‌టాప్‌లోనే ముగించానని, పైన మంచి కుర్తా వేసుకుని కింద పాత పైజామాతోనే మాట్లాడానని నవ్వుతూ చెప్పింది. సర్టిఫికెట్లు ఫోనుతో ఫోటో తీసి పంపిందట. నేను కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళాను. అప్పుడు సరళ కూతురితో, నాకు వినిపించేటట్టుగానే అంది. "మీ అత్త కూడా అప్పట్లో ఫారిన్‌కు టీచరుగా పోవాల్సిందేమే. పాపం, అదృష్టం లేకపాయ."

అదృష్టం అన్న మాట ఎవరు ఎప్పుడు వాడతారో నాకు బాగా తెలుసు. కొందరు చేసిన పనిని ఎవరూ చేయలేదని చెప్పాల్సి వచ్చినప్పుడు వాడతారు. కాఫీ ఇచ్చాను, ఆ పిల్లకు అక్షింతలు వేశాను, గేటు దాకా వచ్చి సాగనంపాను. సరళతో ఏమీ అనలేదు. అనకుండా ఊరుకున్నవి నా దగ్గర చాలా ఉన్నాయి, ఇది వాటితో చేరింది. కానీ ఆ సాయంత్రం నుంచి ఆ మాట చెవిలో దోమలా తిరుగుతూనే ఉంది. అందుకే ఆ రోజుల గురించి రాస్తున్నాను.

అప్పట్లో మేము నగరిలో ఉండేవాళ్ళం. మా వీధి పొడవునా మరమగ్గాలే. మా ఇంట్లో ముందు భాగంలో మగ్గాలు, వెనక వంటిల్లు, ఆ రెంటికీ మధ్య మేమంతా పడుకునే నడవ. కరెంటు వచ్చిందంటే మొదలయ్యే మోత కరెంటు పోతేనే ఆగేది. ఆ మోతలో పుట్టి పెరిగినందువల్ల మా ఇంట్లో అందరివీ పెద్ద గొంతులే. గుట్టుగా చెప్పుకోవాల్సిన మాట కూడా అరిచే చెప్పుకునేవాళ్ళం. వేరే ఊళ్ళ నుంచి వచ్చిన బంధువులు మేము పోట్లాడుకుంటున్నామేమో అని కంగారుపడేవాళ్ళు. ఇక ఇంటి వాసన అంటే నాకు గంజి వాసనే. పెరట్లో పొయ్యి మీద పెద్ద గుండిగలో నూలుకు పట్టించే గంజి ఉడుకుతుండేది. ఉడికే గంజి, తడి నూలు, మోటారు నూనె, ఈ మూడూ కలిసిన వాసన అమ్మ కొంగుకూ, నా పుస్తకాలకూ, నేను ఉతికి ఆరేసుకున్న చీరలకూ పట్టేది. నేను బి.ఇడి. ముగించి అక్కడే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతున్నప్పుడు, ఆ బడి యజమాని భార్య స్టాఫు గదిలో నా పక్కన కూర్చోబోయి, ముక్కు దగ్గర కొంగు పెట్టుకుని కుర్చీ కాస్త అవతలికి జరుపుకుంది. ఆ రోజు ఆమె కట్టుకున్నది ఆకుపచ్చ అంచున్న పసుపు చీర. ఆ చీర ఇలాంటి వీధిలోనే, ఇలాంటి గంజితోనే తయారైందని ఆమెకు తెలియదనుకోను.

మా ఇంటి పెద్ద పెదనాయన. నాయనకు ఊహ తెలియక ముందే తాత పోతే, తమ్ముడిని చంకనేసుకుని పెంచినవాడు ఆయనే. పెళ్ళి చేసుకోలేదు. అందుకని మా ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు, నాయనకైతే అసలే లేదు. ఆయన పంచాంగం నడవలో స్తంభానికి మేకు కొట్టి వేలాడదీసి ఉండేది. పొద్దున్నే స్నానం చేసి, ఒక కాడ విరిగితే దారంతో కట్టుకున్న కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ రోజు తిథి, వారం, నక్షత్రం, రాహుకాలం పైకి చదివేవాడు. ఆ చదువు అయ్యేసరికి ఆయన కాఫీ చల్లారిపోయేది. మళ్ళీ వేడి చేసి ఇస్తే, ఒకసారి చల్లారింది తాగనని పక్కన పెట్టేవాడు. అమ్మ రోజూ రెండోసారి కాఫీ కలిపేది. ఆ వృథా మీద ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. కొత్త పడుగు ఎక్కించాలన్నా, నేను పుత్తూరులో సినిమాకు పోవాలన్నా ఆయనను అడగాల్సిందే. ఒకసారి నాయన ఆయనతో చెప్పకుండా ఒక మంగళవారం కొత్త మోటారు బిగించాడు. అది కాలిపోయింది. ఆ మోటారు కాలిపోయిన సంగతి మా ఇంట్లో ఆ తర్వాత వచ్చిన ప్రతి వాదనలోనూ సాక్ష్యం చెప్పింది.

మాల్దీవుల్లో బడులకు లెక్కల టీచర్లు కావాలన్న ప్రకటన నేను స్టాఫు గదిలో పాత పేపరులో చూశాను. ఎవరో మరమరాలు పొట్లం కట్టించుకుని తిని పడేసిన కాగితం అది. మ్యాపులో ఆ దేశాన్ని వెతికితే చుక్కలు కనిపించాయి, అంతే. నాకు ఆ చుక్కలు చాలా నచ్చాయి. ఇక్కడ నేను ఫలానా వాళ్ళ అమ్మాయిని, ఫలానా వీధి దాన్ని, గంజి వాసన దాన్ని. అక్కడ పిల్లల ముందు నిలబడితే నేను లెక్కల టీచరును మాత్రమే. అంతకన్నా పెద్ద కోరిక నాకు ఆ వయసులోనూ లేదు, ఆ తర్వాతా లేదు. దరఖాస్తు పెట్టాను. పాస్‌పోర్టు విచారణకు వచ్చిన కానిస్టేబులు మా తిన్నె మీద కూర్చుని, నీళ్ళు తాగి, పెళ్ళి చేయకుండా ఆడపిల్లను సముద్రం మీదికి తోలుతున్నావేమప్పా అని నాయనను అడిగాడు. నాయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అయినా పాస్‌పోర్టు వచ్చింది, ఆ తర్వాత మద్రాసుకు రమ్మని పిలుపూ వచ్చింది. అక్కడి విద్యాశాఖ వాళ్ళు మద్రాసులో ఒక హోటల్లో ఒక్క రోజే ఉంటారు, పాఠం చెప్పించి చూస్తారు, సర్టిఫికెట్ల అసలు ప్రతులు సరిచూసి అక్కడికక్కడే ఎంపిక చేస్తారు. అసలు ప్రతులు తప్పనిసరి అన్న వాక్యం కింద గీత కూడా గీసి ఉంది.

పిలిచింది సోమవారానికి. పెదనాయన పంచాంగం మేకు మీది నుంచి తీశాడు.

"సోమవారం తూర్పుకు శూల. కుదరదు" అన్నాడు. శూల అంటే ఆ వారం ఆ దిక్కుకు ప్రయాణం పెట్టుకోకూడదని.

"మద్రాసు మనకు తూర్పు కాదు పెదనాయనా. ఆగ్నేయం."

"సముద్రం యాడుండాది?"

"తూర్పున."

"మద్రాసు యాడుండాది?"

"సముద్రం పక్కన."

"ఇంగేమి మరి" అని పంచాంగం మూసేశాడు.

ముందు రోజే పోదామంటే ఆదివారం అమావాస్య. శనివారం కూడా తూర్పుకు శూలే. మంచి రోజు శుక్రవారం ఉంది, కానీ శుక్రవారం పోయి సోమవారం దాకా పెళ్ళికాని పిల్ల మద్రాసులో ఎవరింట్లో ఉంటుంది? మాకు అక్కడ ఎవరూ లేరు. నేను అన్నం మానేశాను. అమ్మ ఏడ్చింది. చివరికి పెదనాయనే దారి చెప్పాడు, పరస్థానం పెడదామన్నాడు. మా వైపు పాత ఇళ్ళల్లో ఆ పద్ధతి ఉండేది. మనిషి బయలుదేరాల్సిన రోజు బాగాలేకపోతే, అంతకుముందు మంచి ఘడియలో ఆ మనిషి వస్తువు ఒకటి ఇల్లు దాటించి, పోవాల్సిన దిక్కులో ఉన్న వేరే వాళ్ళింట్లో పెడతారు. అప్పుడే ప్రయాణం మొదలైనట్టు లెక్క. ఆ తర్వాత మనిషి ఏ రోజు పోయినా దోషం లేదు, దారిలో ఆ వస్తువు తీసుకుని పోవాలి, అంతే. నిజం చెప్పాలంటే ఆ మాట విని నేను పెదనాయన కాళ్ళకు దండం పెట్టాను. ఆయన నాకోసం పంచాంగంలో సందు వెతికాడనుకున్నాను.

మిగతా ఇళ్ళల్లో అయితే తువ్వాలో, పసుపు కొమ్మో, గుప్పెడు బియ్యం మూటో పెడతారు. అమ్మ కూడా అదే అంది. "ఒక చీర, రెండు పసుపు కొమ్ములు పెడితే చాలదా బావా?"

"చీరకా ఉద్యోగం ఇస్తాండేది?" అన్నాడు పెదనాయన. "సర్టిఫికెట్లకు. ఏది పనికి పోతాండాదో అదే ముందు కదలాల."

శుక్రవారం పొద్దున నా సర్టిఫికెట్లన్నీ, పాస్‌పోర్టూ ఒక గోధుమ రంగు రెక్సిన్ సంచిలో పెట్టి, మూలలకు పసుపు రాసి, కర్పూరం వెలిగించి, నేను ఆ సంచి పట్టుకుని ఇల్లు దాటాను. మా వీధికి తూర్పు కొసన ఉన్నది కమలమ్మత్త ఇల్లు. నాయనకు చిన్నాయన కూతురు ఆమె. అత్త వాకిలి కడిగి ముగ్గేసి సిద్ధంగా ఉంది. సంచిని తానే అందుకుని దేవుడి గూటిలో పెట్టి, దాని ముందు దీపం వెలిగించింది. "నా పానంగా చూసుకుంటానన్నా" అంది పెదనాయనతో. నాతో మాత్రం, "ఆడికి పోయినాక మేమెవురో తెలీదంటావేమోమే" అంది. అందరూ నవ్వారు. సరళ అప్పుడు పావడా కట్టుకునే పిల్ల, గడప మీద కూర్చుని చూస్తూ ఉంది.

పరస్థానం పెట్టిన వస్తువును బయలుదేరే ఘడియ దాకా సొంతదారు చూడకూడదట. నేను ఆదివారం ఒకసారి పోయి సంచి చూసి వస్తానంటే పెదనాయన ఒప్పుకోలేదు. ఆ రోజంతా నేను పెరట్లో గుండిగ పక్కన నిలబడి, ఇంగ్లీషులో పాఠం చెప్పుకున్నాను. అమ్మ గంజి కలుపుతూ, అర్థం కాకపోయినా తలూపుతూ వింది.

సోమవారం తెల్లవారుజామున నేనూ నాయనా పెదనాయనా కమలమ్మత్త ఇంటికి పోయాం. అమ్మ ఎదురు వచ్చి సాగనంపింది. ఇంకా కరెంటు రాలేదు, వీధి నిశ్శబ్దంగా ఉంది. అత్త ఇంటి తలుపుకు ఇత్తడి బీగం వేలాడుతోంది. వేపపుల్ల నములుతూ పక్కింటి మునెమ్మ బయటికి వచ్చి, వాళ్ళు నిన్న మధ్యాహ్నమే పలమనేరుకు పోయారని చెప్పింది. అత్త భర్త వాళ్ళన్న చనిపోయాడని కబురొస్తే ఉన్నవాళ్ళు ఉన్నట్టే బస్సెక్కారట. బీగంచెవి? వాళ్ళతోనే. మాకేమైనా చెప్పమన్నారా అని అడిగితే, ఏమీ చెప్పలేదంది.

నాకు ముందు అర్థం కాలేదు. బీగాన్ని చేత్తో పట్టుకుని లాగాను. అది చల్లగా ఉంది. లోపల దేవుడి గూటిలో నా చదువంతా ఉంది, నేను తలుపుకు ఇవతల ఉన్నాను. రైలుకు ఇంకా కాస్త సమయం ఉంది. నాయన అటూ ఇటూ చూసి, మోరీ పక్కన పడి ఉన్న గుండ్రాయి ఒకటి రెండు చేతులతో ఎత్తాడు. మా నాయన మెత్తటి మనిషి, ఆయన చేతిలో అంత పెద్ద రాయి నేను ఎప్పుడూ చూడలేదు. బీగం దాకా ఎత్తి, ఆగి, పెదనాయన వైపు తిరిగాడు.

"అన్నా" అన్నాడు.

ఆ పరిస్థితికి పంచాంగంలో ఏమీ రాసి లేదని పెదనాయన ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. "మైల ఇల్లు రా" అన్నాడు చివరికి. "మైల ఇంటి బీగం పగలగొట్టి ఆడబిడ్డను సముద్రం దాటిస్తావా?"

నేను అరిచాను. మగ్గాల మోత లేని వీధిలో మా ఇంటి గొంతు ఎంత పెద్దదో నాకు అప్పుడే తెలిసింది. "కొట్టు నాయనా. నేను కొత్త బీగం కొనిస్తా. కొట్టు." తలుపులు తెరుచుకున్నాయి. జనం తిన్నెల మీదికి వచ్చి నిలబడ్డారు. నాయన రాయిని కాసేపు అలాగే ఎత్తి పట్టుకుని, తర్వాత మెల్లగా, చప్పుడు కాకుండా కింద పెట్టాడు. ఆ రాయిని ఆయన పడేసి ఉంటే, విసిరికొట్టి ఉంటే, నేను ఇంత కాలం మోసేదాన్ని కాదేమో. అంత జాగ్రత్తగా కింద పెట్టాడు. అది నేను మరిచిపోలేదు. ఆయన పోయిన రోజు కూడా నాకు ముందు గుర్తొచ్చింది అదే.

అయినా మద్రాసు పోయాం. నేనే మొండిపట్టు పట్టాను. వాళ్ళ కాళ్ళైనా పట్టుకుని అడుగుతానన్నాను. హోటల్లో పెద్ద హాలు, బయట వరండాలో కుర్చీలు. వచ్చినవాళ్ళలో ఎక్కువ మంది కేరళ అమ్మాయిలు, ఒక్కొక్కరూ ఫైలును గుండెకు ఆనించుకుని కూర్చున్నారు. నా చేతిలో అమ్మ కట్టిచ్చిన పులిహోర పొట్లం ఉంది. లోపల ఇద్దరున్నారు, సన్నగా ఉన్న ఒక విద్యాధికారి, తలకు గుడ్డ చుట్టుకున్న ఒక ప్రధానోపాధ్యాయురాలు. భిన్నాల భాగహారం చెప్పమన్నారు. బోర్డు ముందు నిలబడగానే నాకు బీగమూ గుర్తు లేదు, రాయీ గుర్తు లేదు. అంత బాగా నేను ఆ తర్వాత ఎప్పుడూ చెప్పలేదు. ముగించాక ఆ అధికారి చిరునవ్వు నవ్వాడు. మా బళ్ళు సముద్రం ఒడ్డునే ఉంటాయి, గాలి హోరుకు వెనక బెంచీలకు టీచర్ల మాట చేరదు, మీ మాట చేరుతుంది అన్నాడు. ఆ తర్వాత చెయ్యి చాపి సర్టిఫికెట్లు అడిగాడు.

దరఖాస్తుతో పంపిన జిరాక్సు కాపీలు ఆయన బల్ల మీదే ఉన్నాయి. అసలువి వేరే వాళ్ళింట్లో ఉన్నాయని, ఆ ఇంటికి తాళం వేసి ఉందని చెప్పాను. వేరే వాళ్ళింట్లో ఎందుకు పెట్టారని ఆ ప్రధానోపాధ్యాయురాలు అడిగింది. ఆమె ఎగతాళిగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అబద్ధం చెప్పి ఉండొచ్చు. పోయాయనో, యూనివర్సిటీలో ఉన్నాయనో అనవచ్చు. నాకు తోచలేదు. నాకు వచ్చిన ఇంగ్లీషులో పరస్థానం అంటే ఏమిటో మొత్తం చెప్పాను.

"అంటే మీ సర్టిఫికెట్లు శుక్రవారమే బయలుదేరాయి" అందామె.

"అవును మేడమ్."

"మీరు ఈ రోజు బయలుదేరారు."

"అవును."

"మరి దారిలో ఎందుకు కలవలేదు?"

తలుపు దగ్గర నిలబడ్డ, ఆ ఇంటర్వ్యూలు ఏర్పాటు చేసిన ఏజెన్సీ గుమస్తా పక్కనున్నవాడితో, ఇది బాగా కథలు చెబుతోందని అరవంలో అన్నాడు. నగరి వాళ్ళకు అరవం రాదని అతను ఎందుకు అనుకున్నాడో. అధికారి కాపీలను మళ్ళీ మళ్ళీ తిప్పి చూశాడు. ఆ సాయంత్రం విమానానికే వాళ్ళు వెళ్ళిపోతున్నారట, అసలు ప్రతి చూడకుండా సంతకం పెట్టే అధికారం ఆయనకు లేదట. మనసుకు కష్టంగానే ఉన్నట్టు కనిపించాడు. వచ్చే ఏడు రండి అన్నాడు. మరుసటి ఏడు దరఖాస్తు పెట్టాను, పిలుపు రాలేదు. ఆ పై ఏడు నాకు పెళ్ళి చేశారు. తర్వాత తిరుపతిలో ప్రైవేటు బళ్ళల్లో, పని మానుకునే వయసు వచ్చేదాకా అదే భిన్నాల భాగహారం చెప్పాను.

నాయన హోటలు గేటు బయట కాలిబాట మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి రానివ్వలేదట. ఏమన్నారు పాపా అని అడిగాడు. చెప్పాను. నన్ను ఓదార్చాలనే అన్నాడు. "వచ్చే తూరి బీగం వేసే పని లేని ఇంట్లో పెడదాంలేమ్మా. మనుషులెప్పుడూ ఉండే ఇంట్లో." నేను పులిహోర పొట్లం విప్పి ఆయన ముందు పెట్టి, అవతలికి తిరిగి కూర్చున్నాను. తప్పు బీగానిదని ఆయన ఆ రోజే తేల్చుకున్నాడు. మా ఇంట్లో అందరూ అదే తేల్చుకున్నారు.

కమలమ్మత్త వాళ్ళు పలమనేరులో కర్మలన్నీ ముగించుకుని, మైల తీరాక వచ్చారు. ఇల్లంతా కడిగి, పుణ్యావచనం చేయించుకుని, అప్పుడు అత్త నా సంచి తెచ్చింది. దాని మూలలకు నేను రాసిన పసుపు ఇంకా పోలేదు. పైన ఎండిన పూలు కూడా ఉన్నాయి. నేను ఆమెతో నిలదీసి పోట్లాడాలని అన్ని రోజులూ మాటలు కూడబెట్టుకుని ఉన్నాను. ఆమె నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. "చావు కబురు ఇన్నాక మైలతో ఆ సంచిని యెట్ట ముట్టేది? మీ వాకిట్లోకి యెట్ట వచ్చేది? నీ ప్రయాణానికి చెడ్డపేరు రాకూడదని దేవుడి గూటి తలుపేసి, ఇంటికి బీగం ఏసుకోని పోయినా. మునెమ్మకు కేకేసి చెప్పినా గదా, మీకు చెప్పమని" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. మునెమ్మను పిలిచి అడిగితే, కరెంటున్న వేళ, మగ్గాల మోతలో ఎవురేం చెప్పినా నాకేం ఇనపడతాదమ్మా అంది. ఆ ఇద్దరిలో ఎవరు అబద్ధం చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చునని మా అమ్మ అనేది. ఆ మాట నాకు అన్నిటికన్నా ఎక్కువ కష్టంగా ఉండేది. ఇద్దరూ నిజమే చెప్పి ఉంటే నేను ఎవరిని పట్టుకుని అడగాలి?

అంతటితో అయిపోలేదు. నేను సంచి తీసుకుని లోపలికి రాబోతే పెదనాయన గడపకు అడ్డంగా చెయ్యి పెట్టాడు. ప్రయాణం పెట్టి ఇల్లు దాటించిన వస్తువు, ప్రయాణం చేయకుండా తిరిగి ఇల్లు చేరకూడదట. ఇంటికి అరిష్టం. అందుకని నా సర్టిఫికెట్లు, మంచి రోజు దొరికేదాకా, మా తిన్నె మీద ఉన్నాయి. వానకు తడవకుండా పైన గోనెపట్టా కప్పారు. బడికి పోతూ వస్తూ నేను వాటిని దాటుకుని పోయేదాన్ని. కుక్క వచ్చి ఆ గోనెపట్టా మీద పడుకుంటే అదిలించేదాన్ని. వీధిలో వాళ్ళు ఏమి ఆ మూట అని అడిగితే అమ్మ ఏదో ఒకటి చెప్పేది.

సరళ కూతురిని చూస్తే నాకు అసూయ లేదు. ఉందని సరళ అనుకుంటుంది, అనుకోనీ. ఆ పిల్ల సర్టిఫికెట్లు కూడా ఆమెకన్నా ముందే సముద్రాలు దాటిపోయాయి. ఒక్క వేలు కదిపితే పోయాయట. ఏ దిక్కున పోయాయో ఎవరూ చూడలేదు, ఎవరింట్లో దిగాయో ఎవరికీ తెలియదు, అసలువి బీరువాలోనే ఉన్నాయి. ఇప్పుడు పంచాంగం సరళ ఫోనులోనే ఉంది, రాహుకాలం రాగానే అది గంట కొడుతుంది, ఆమె దాన్ని నొక్కి ఆపుతుంది. చాలా మంచి కాలం. ఈ కాలంలో పుట్టనందుకు నేను ఎవరినీ నిందించలేను, అందుకే పుట్టిన కాలంలో ఉన్నవాళ్ళను నిందిస్తున్నాను. ఆ రోజుల్లో మా ఇంట్లో నా మేలు కోరనివాళ్ళు ఒక్కరు కూడా లేరు. అందరూ కోరారు. నామీద ప్రేమ తక్కువై కాదు, ఎవరి నియమం వాళ్ళు తప్పకుండా పాటించారు, ఆ నియమాలన్నీ కలిసి నన్ను వీధిలో నిలబెట్టాయి. దీనికి అదృష్టం అని పేరు పెట్టి, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి పోవడం నేను ఒప్పుకోను.

మంచి రోజు వచ్చాక పెదనాయనే నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. తూర్పుకు ఎంతో కొంత దూరం పోయి, అక్కడ దిగి, నీళ్ళు తాగి తిరిగి వస్తే చాలు, ప్రయాణం అయినట్టేనన్నాడు. మద్రాసు బండెక్కి తిరుత్తణిలో దిగాం. తిరుగు బండికి ఇంకా సమయం ఉంది. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం, మధ్యలో సంచి. పెదనాయన కుళాయి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. నేను తాగాను. నియమం కోసమే తాగాను. ఆయన మురుకుల పొట్లం కొనిచ్చాడు, నేను ముట్టుకోలేదు. ఆయన కూడా ముట్టుకోలేదు.

మద్రాసుకు పోయే ఇంకో బండి కోసం ఎదురుచూస్తున్న ఒకామె మా పక్కన వచ్చి కూర్చుంది. పూలబుట్టతో ఉంది, ఆమెకు తెలుగు వచ్చు. పసుపు రాసిన సంచి చూసి, ఏమి పెద్దాయనా, పాప యాడికి పోతాంది అని పెదనాయనను అడిగింది. నేను కళ్ళు దించుకున్నాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, నడుము నిటారుగా చేసుకుని కూర్చున్నాడు. నేను ఆ గొంతు అంతకు ముందు వినలేదు.

"మా పాప టీచరమ్మా. సముద్రం అవతల దేశానికి పోతాంది. ఉద్యోగం మీద."

ఆమె నా గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది. బుట్టలో నుంచి మూరెడు పూలు తీసి నా జడలో పెట్టింది. అంతలో బండి వచ్చింది. జనం తోసుకుంటున్నారు. ఆమె ముందే ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, తన పక్క సీటు మీద బుట్ట పెట్టి, కిటికీలోంచి చెయ్యి ఊపుతూ పిలిచింది. "రామ్మా, రా, నీకు పట్టి పెట్టినా. సంచి ఇట్టియ్యి." పెదనాయన కదల్లేదు. నేనూ కదల్లేదు. బండి కదిలింది. ఆమె ఇంకా అరుస్తూనే ఉంది, తలుపు దగ్గరున్నవాళ్ళతో ఎవరైనా చెయ్యి అందించండి, ఆ పిల్ల ఎక్కాల, ఆ పిల్ల దేశం పోవాల అంటూ. ఇద్దరు ముగ్గురు తలుపులోంచి వంగి నా వైపు చేతులు చాపారు. ఆ చేతులు చాలా దూరం దాకా అలాగే చాచి ఉన్నాయి. బండి పోయాక పెదనాయన లేచి, సంచి తాను ఎత్తుకుని, తిరుగు బండి వచ్చే ప్లాట్‌ఫారం వైపు నడిచాడు.